అపొస్తలుడి బొటనవేలు

లుద్విక్ రీగెల్ తన జన్మలో మూడుసార్లు క్రాకూవ్ వెళ్ళాడు. మొదటిసారి సైన్యంలో ఉండగా. సైనికుల రైలు స్టేషన్లో ఇరవై నిమిషాలు ఆగింది. దిగినవాడి కాళ్ళు విరగ్గొడతానని సార్జెంటు ముందే చెప్పాడు కనుక ఎవడూ దిగలేదు. రెండోసారి ఎడమచేతికి గుడ్డలు చుట్టుకుని అంబులెన్సులో వెళ్ళాడు. పదకొండు రోజులు ఆసుపత్రిలో పడుకున్నాడు. గాలి అటునుంచి వీచినప్పుడు మరియమాత చర్చి గోపురం మీద గంటగంటకూ ఊదే బూర వినపడేది. లేచి కిటికీ దాకా నడిస్తే రెండు గోపురాలూ కనపడేవి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. అంతవరకే. ఆ గోపురాల కింద ఏముందో అతనికి పన్నెండో ఏటి నుంచీ తెలుసు. వెళ్ళి చూసే యోగమే పట్టలేదు.

మూడోసారి యాత్రికుడిలా వెళ్ళాడు. అప్పటికి అతనికి అరవై ఎనిమిదేళ్ళు.

అతని ఊరు యాస్వో పట్నం దాటాక కొండల కింద ఉంటుంది. బడిలో ఒక పంతులమ్మ తన సొంత పుస్తకం తెచ్చి పిల్లలకు రంగుల బొమ్మ చూపించింది. క్రాకూవ్ మరియమాత చర్చిలో, తలుపుల్లాంటి రెక్కలున్న పెద్ద బలిపీఠం అది. ఐదువందల ఏళ్ళ కిందట ఒక శిల్పి పన్నెండేళ్ళు కూర్చుని చెక్కాడట, అదీ లీపా చెక్కతో. లీపా అంటే ఊరి రోడ్డుకు రెండు పక్కలా ఉన్న చెట్టే. వేసవిలో తేనెటీగలు మూగేది, పిల్లలు కొమ్మలు విరిచి కొట్టుకునేది. ఆ చెట్టులోంచి ఒక తల్లి మోకాళ్ళ మీదికి ఒరిగిపోతూ బయటికి వచ్చింది. ఆమెను పట్టుకున్న అపొస్తలులు వచ్చారు. వాళ్ళ వెనక ఒక అపొస్తలుడు నిలబడి రెండు చేతుల వేళ్ళూ పెనవేసుకుని ఉన్నాడు. ఆ చేతుల మీద నరాలు ఉబ్బి ఉన్నాయి. కణుపులు కాయలు కాసి ఉన్నాయి. పుణ్యాత్ముల చేతులు అలా ఉండవని, అవి కొండ మీద రాళ్ళు ఏరిన తన నాన్న చేతులని లుద్విక్ అనుకున్నాడు. బడిలో నేర్చుకున్న మిగతాదంతా మర్చిపోయాడు. అది మర్చిపోలేదు.

పదిహేనో ఏట నాన్న అతన్ని ఫర్నిచర్ ఫ్యాక్టరీలో పడేశాడు. నలభై ఒక్క ఏళ్ళు అక్కడ కుర్చీ కాళ్ళు చేశాడు. కుర్చీ కాదు, కాళ్ళు. వెనక కాళ్ళు ఇంకొకడు చేసేవాడు, ఇతనివి ముందు కాళ్ళు. ఆ కుర్చీల్లో జర్మనీవాళ్ళు కూర్చున్నారు, స్వీడన్ వాళ్ళు కూర్చున్నారు. లుద్విక్ రోజుకు ఎనిమిది గంటలు నిలబడ్డాడు. ముప్ఫై మూడో ఏట చిత్రిక మిషను అతని ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ తీసుకుంది. ఫ్యాక్టరీ మూసేసిన రోజు మనిషికో కుర్చీ ఇచ్చి పంపారు. అతనికి వచ్చినదానికి ముందు కాలు ఒకటి బాగా పొట్టి. అది తాను చేసిన కాలు కాదని ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతాడు.

ఇంటి దగ్గర మాత్రం లీపా చెక్క చెక్కేవాడు. చేతిలో తలపెట్టుకుని దిగులుగా కూర్చున్న క్రీస్తు బొమ్మలు మూడు, దారి పక్క గూళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి. వాన తగిలి ముఖాలు అరిగిపోయాయి. జనం వాటికి టోపీ తీసి దండం పెడతారు గాని ఎవరు చెక్కారని అడగరు. ఆ మూడింటికీ చేతులు సరిగ్గా కుదరలేదని అతనికొక్కడికే తెలుసు.

ఊరి గ్రంథాలయంలో ఆ పీఠం మీద ఒక లావు పుస్తకం ఉండేది. ఇరవై ఆరేళ్ళు నెలనెలా తిరగరాయించుకుంటూ దాన్ని ఇంట్లోనే ఉంచుకున్నాడు. గ్రంథాలయం మూసేసి అక్కడ మందుల షాపు పెట్టినప్పుడు, గ్రంథాలయంలో పనిచేసే ఆవిడ ఇక తిరిగి ఇవ్వొద్దులెండి అంది. ఏ పేజీలో ఏ మడత ఉందో, ఏ అపొస్తలుడి గడ్డంలో ఎన్ని పాయలు ఉన్నాయో అతనికి కంఠతా వచ్చు. పెనవేసుకున్న ఆ చేతుల ఫోటో ఆ పుస్తకంలో రెండు పేజీల నిండా వేశారు. సరిగ్గా నడిమధ్యన, పేజీలు కుట్టిన చోట, బొటనవేళ్ళు కుట్టులోకి వెళ్ళిపోయాయి. ఎంత విప్పి చూసినా కనపడవు. ఏ వేలు పైన ఉందో, ఏది కింద ఉందో, పై వేలు కింది దాన్ని నొక్కుతోందో, ఊరికే ఆనుకుని ఉందో తెలియదు. ఇంకో పుస్తకంలో ఉండవచ్చు. ఆ ఊరికి ఇంకో పుస్తకం రాలేదు.

ఉద్యోగం పోయాక ఆ చేతులు చెక్కడం మొదలుపెట్టాడు. అరచేతిలో ఇమిడే, రెండు వేళ్ళ మందం ముక్క. ఎనిమిది వేళ్ళూ దిగాయి, నరాలు దిగాయి, మణికట్టు ఎముక కూడా దిగింది. బొటనవేళ్ళ దగ్గర ఉలి ఆగిపోయింది. తన చేతులు చూసుకుని చెక్కుదామంటే పెనవెయ్యడానికి రెండో బొటనవేలు లేదు. భార్య గెనొవేఫా, అతను గేన్యా అని పిలిచే మనిషి, పాపం చాలా సాయంత్రాలు పొయ్యి ముందు కూర్చుని తన ఎడమచెయ్యి అతని కుడిచేతిలో పెనవేసి ఉంచింది. చెయ్యి తిమ్మిరెక్కితే, ఇంకా అవలేదా అని అడిగేది గాని తీసేది కాదు. కాని ఇద్దరు మనుషుల చేతులు కలిస్తే ఒక మనిషి దుఃఖం రాదు. ఆమె వేలు ఎప్పుడూ ఓదార్చినట్టే పడేది. ఆ ముక్క అల్మారా మీద బొటనవేళ్ళ చోట చదునుగా మిగిలిపోయింది.

మరి క్రాకూవ్ ఎంత దూరం? మూడు గంటలు. అయినా ఒక ఏడు కప్పు కారింది, ఒక ఏడు బొగ్గు ధర పెరిగింది, ఒక ఏడు గేన్యా మోకాలు కోశారు. చివరికి ఆ ఊరికి ఉన్న ఒక్క రైలూ తీసేశారు. బీదవాడి కోరికకు తొందర ఉండదని లోకం అనుకుంటుంది. బీదవాడు కూడా క్రమంగా అలాగే అనుకుంటాడు.

అక్టోబరు మొదట్లో ఉత్తరాల పెట్టెలో రంగుల కాగితం ఒకటి పడింది. క్రాకూవ్‌కి ఒక్కరోజు యాత్ర, నామమాత్రపు రుసుము, మధ్యాహ్న భోజనం, జంటలకు మంచి బహుమతి. కింద చిన్న అక్షరాల్లో, మరియమాత చర్చిలో పీఠం తలుపులు తెరిచే వేడుక, పన్నెండుకు పది నిమిషాల ముందు. లుద్విక్ వడ్రంగి పెన్సిల్‌తో ఆ వేళ కింద గీత గీశాడు. గీత ఎంత గట్టిగా పడిందంటే కాగితం చిరిగింది.

మనుషుల్ని పోగుచేసింది జపమాల సంఘం పెద్ద హొనొరాతా. భర్త పోయిన మనిషి, ఊళ్ళో ఎవరింట్లో ఏ మందు వాడతారో తెలిసిన మనిషి. నలభై మందిని తెస్తే తనకు సీటు ఊరికే వస్తుందన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. లుద్విక్ పేరు ఇచ్చినప్పుడు ఆమె నమ్మలేదు.

"నువ్వొస్తావా లుద్విక్? ఊరందరిదీ ఒక దారి అయితే నీది ఇంకోటి కదా."

"ఈసారి దారి ఒకటే. ఆ చివర నేను చూసేది వేరు."

తెల్లారకముందే బస్సు కదిలింది. అలవాటు ప్రకారం డబ్బు సంచి గేన్యా కోటు లోపల గుచ్చి పెట్టుకుంది. చర్చిలో కానుక పళ్ళెంలో వెయ్యడానికని లుద్విక్ చేతిలో రెండు నాణేలు పెట్టింది. అతను ఆదివారం కోటు వేసుకున్నాడు. కుడి జేబులో రుమాలులో చుట్టిన లీపా చేతులు ఉన్నాయి. బస్సులో జపమాల చెప్పారు, ఉడకబెట్టిన గుడ్లు తిన్నారు, మళ్ళీ జపమాల చెప్పారు. లుద్విక్ జపంలో పెదవులు కదిపాడు గాని మనసులో బొటనవేళ్ళనే తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. ఎడమది పైన, కుడిది కింద. కాదు, కుడిది పైన.

బస్సు క్రాకూవ్ నడిబొడ్డుకు వెళ్ళలేదు. ఎనిమిదిన్నరకు ఊరి అంచున, టైర్ల షాపు పక్కన, ఒక పెళ్ళిళ్ళ హాలు ముందు ఆగింది. చిన్న ప్రదర్శన ఉంటుంది, ముప్పావు గంటే అన్నారు. లోపల కుర్చీలు వరసలుగా వేసి ఉన్నాయి. లుద్విక్ కూర్చునే ముందు అలవాటుగా కుర్చీ ముందు కాలు తడిమి చూశాడు. ప్లాస్టిక్.

అర్కాదియుష్ అనే కుర్రవాడు వచ్చాడు. మంచి సూటు, మంచి పళ్ళు. ఆడవాళ్ళందరి చేతులూ వంగి ముద్దు పెట్టుకున్నాడు. జపమాల పట్టుకున్న చేతులకు ఇంకాస్త ఎక్కువ వంగాడు. తన మామ్మ కూడా ఇలాగే ఉండేదని, నడుం నొప్పితో పోయిందని చెప్పాడు. ఆ తర్వాత అయస్కాంతపు పరుపు బయటికి తీశాడు. దాన్ని పరుచుకుని పైన పడుకుంటే రక్తం పరుగెడుతుంది, కీళ్ళు వదులవుతాయి, నిద్ర పడుతుంది, డాక్టర్లకు అది ఇష్టం ఉండదు. ముప్పావు గంట గంటన్నర అయింది. కాఫీల బల్ల పైనున్న గోడ గడియారం పదింబావు చూపించింది. లుద్విక్ బడిపిల్లాడిలా చెయ్యి ఎత్తాడు.

"పీఠం తెరిచేది పన్నెండుకు పది నిమిషాల ముందండీ. మీ కాగితంలోనే రాశారు."

"ఐదువందల ఏళ్ళ నుంచి అక్కడే ఉంది తాతగారూ, ఇంకో రెండు గంటలు ఎక్కడికీ పోదు. మీ వెన్నుపూస సంగతే నాకు బెంగగా ఉంది."

హాలంతా నవ్వింది. నవ్విన వాళ్ళంతా అతని ఊరివాళ్ళే. వాళ్ళలో సగం మంది తల్లిదండ్రుల శవపేటికలకు మేకులు కొట్టింది అతనే.

అర్కాదియుష్‌కి అతను నచ్చినట్టున్నాడు. ముందుకు పిలిచి ఏ చెయ్యి నొప్పి అని అడిగాడు. లుద్విక్ ఏ చెయ్యీ లేదన్నాడు. కాని వెనకనుంచి గేన్యా నోరు విప్పింది.

"ఎడమ చెయ్యి బాబూ. చలికాలం వస్తే లేని వేళ్ళు కూడా సలుపుతాయి. పైకి చెప్పడు. రాత్రిళ్ళు పిడికిలి బిగించుకుని కూర్చుంటాడు."

ముప్ఫై అయిదేళ్ళు గదిలో దాచుకున్న మాట అది. నలభై మంది ముందు బయటపడింది. కుర్రవాడు అతని చేతిని పరుపు మీద పెట్టి పైన తన చెయ్యి ఆనించాడు. అతని కళ్ళు మాత్రం జనం మీదే ఉన్నాయి.

"ఇప్పుడు చెప్పండి తాతగారూ. బొటనవేలి దగ్గర వెచ్చగా లేదూ?"

"బొటనవేలు ఫ్యాక్టరీలో ఉంది బాబూ. అక్కడికెళ్ళి అడుగు."

మళ్ళీ నవ్వులు. ఈసారి నవ్వు అతని పక్షాన ఉంది. కుర్రవాడు కిందికి చూశాడు, ఒక్క క్షణం తడబడ్డాడు, వెంటనే సర్దుకున్నాడు. "వేలు పోతే పోయింది. నరం ఇక్కడే ఉంది తాతగారూ. నరం మర్చిపోదు" అన్నాడు మెల్లగా. ఆ మాట నిజం. దొంగ నోట నిజం వచ్చినప్పుడే మనిషికి ఎక్కువ ఒళ్ళు మండుతుంది. తిరిగి వస్తూ గేన్యా ముఖం చూశాడు. ఆమె పరుపు వైపు చూస్తోంది.

పది ముప్పావుకు లేచి నిలబడ్డాడు. తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయి విసుక్కోకుండానే చెప్పింది. వెళ్ళేవాళ్ళు వెళ్ళవచ్చు, ఎవరినీ ఆపరు. భోజనం ఉండదు, బహుమతి ఉండదు. బస్సు రెండింటికి బయల్దేరుతుంది, ఎవరికోసమూ ఆగదు. అక్కడి నుంచి కొండ మీది పుణ్యక్షేత్రంలో ఓ అరగంట, ఆపైన ఇల్లు. మరియమాత చర్చి సంగతేమిటంటే, అది వీలునుబట్టి అని కాగితం వెనక రాసి ఉందంది.

గేన్యా అతని చొక్కా చేతిని పట్టుకుంది. "కూర్చో లుద్విక్. అందరూ మననే చూస్తున్నారు."

"చూడనీ."

"నా మోకాలుతో నేను రాలేను."

"నిన్ను రమ్మన్నానా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాడు, వెళ్ళిపోయాడు.

ట్రామ్ టికెట్టుకు కానుక నాణేలు సరిపోయాయి. దేవుడి డబ్బుతో దేవుడి దగ్గరికే కదా వెళ్తున్నాను అనుకున్నాడు. ట్రామ్ దిగి, అడుగుతూ అడుగుతూ పెద్ద చౌకు చేరేసరికి పదకొండున్నర దాటింది. ఎర్ర ఇటుకల గోపురాలు రెండూ ఎదురుగా నిలబడ్డాయి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఆసుపత్రి కిటికీలోంచి చూసినవే. గుర్రపుబళ్ళు, పావురాలు, రంగు గొడుగుల వెనక గుంపులుగా నడిచే పరదేశులు. ఎవరికీ తొందర లేదు. పని లేని చోట ఇంత జనాన్ని అతను ఎన్నడూ చూడలేదు.

పెద్ద గుమ్మం దగ్గర కాపలాదారు ఆపాడు. "దేనికి?"

"పీఠం చూడ్డానికి."

"చూడ్డానికైతే పక్క గుమ్మం. ఎదురు సందులో టికెట్టు తీసుకోవాలి. ఇటు ప్రార్థనకు మాత్రమే."

గుడి గుమ్మంలో అబద్ధం చెప్పడం అతనికి తట్టలేదు. ఆ కొండల కింది ఊళ్ళలో పెరిగినవాడికి తట్టదు కూడా. ఎదురు సందుకు పరుగులాంటి నడకతో వెళ్ళాడు. వరస పొడుగ్గానే ఉంది గాని కదులుతోంది. దేవుడి ఇంటికి టికెట్టేమిటన్న రోషం వచ్చింది, దాన్ని మింగాడు. కిటికీ ముందుకు వచ్చాక కోటు జేబులో చెయ్యి పెట్టాడు. లీపా చేతులు తగిలాయి. రెండో జేబు ఖాళీ. అప్పుడు గుర్తొచ్చింది, సంచి గేన్యా కోటు లోపల గుచ్చి ఉంది. నలభై నాలుగేళ్ళుగా అక్కడే ఉంటుంది. కిటికీలో ఆవిడ ఎంతమందికి అని రెండుసార్లు అడిగింది. వెనకవాళ్ళు మర్యాదగానే అతన్ని దాటి ముందుకు జరిగారు.

తిరిగి పెద్ద గుమ్మం దగ్గరికి వచ్చాడు. కాపలాదారు అదే మనిషి. లుద్విక్ టోపీ తీశాడు.

"ప్రార్థనకు."

కాపలాదారు అతన్ని కిందనుంచి పైకి చూశాడు. "అయిదు నిమిషాల్లో భక్తి పుట్టిందా తాతా?" అని పక్కకు తప్పుకున్నాడు. "వెనక బెంచీల వరకే. తాడు దాటితే బయటికే."

లోపల నీలపు కప్పు మీద బంగారు చుక్కలు. అతను పైకి చూడలేదు. చాలా దూరంలో, తాడుకు అవతల, బెంచీల నిండా కూర్చున్న టికెట్టు జనానికి అవతల, మూసి ఉన్న పెద్ద చెక్క తలుపులు కనపడ్డాయి. పన్నెండుకు పది నిమిషాలు ఉందనగా నల్లబట్టల సిస్టరు ఒకావిడ పొడుగాటి కర్రతో వచ్చింది. ఆ కర్ర కొసతో మొదటి రెక్కను లాగింది, తర్వాత రెండోదాన్ని. లోపలి బంగారం ఒక్కసారి వెలిగింది. యాభై ఆరేళ్ళు ఎదురుచూసినవాడు తాడు దాకా నడిచాడు.

సరిగ్గా అప్పుడే ముందున్నవాళ్ళంతా లేచి ఫోన్లు ఎత్తారు.

లుద్విక్ కంట్లో రెండేళ్ళుగా పొర పెరుగుతోంది. ఆ దూరానికి పీఠం పొయ్యిలో నిప్పులా ఉంది, ఎర్రగా, పచ్చగా, రూపం లేకుండా. ఫోన్లలో మాత్రం స్పష్టంగా ఉంది. ముందు వరసలో ఒకావిడ ఫోన్లో బొమ్మను వేళ్ళతో లాగి పెద్దది చేస్తోంది. తల్లి ముఖం వచ్చింది. పైకి జరిగింది. అగ్గిపుల్లంత చేతులు వచ్చాయి, పెనవేసుకున్న వేళ్ళు. లుద్విక్ తాడు మీదికి ఒరిగాడు. అంతలో ఆవిడ ఫోను తనవైపు తిప్పుకుని, పీఠాన్ని వీపు వెనక పెట్టుకుని నవ్వింది.

తాడు దగ్గర మెడలో కార్డు వేసుకున్న అమ్మాయిని బతిమాలాడు. ఒక్క నిమిషం చాలన్నాడు, వడ్రంగినన్నాడు, బొటనవేళ్ళు చూసి వచ్చేస్తానన్నాడు. ఆ అమ్మాయి చెడ్డది కాదు. అందరూ ఒక్క నిమిషమే అంటారు తాతా, అంది. మాటలు తక్కువైనప్పుడు అతను చేసే పనే చేశాడు. జేబులోంచి రుమాలు తీసి విప్పి, లీపా చేతులు ఆమె ముందు పట్టుకున్నాడు.

ఆ అమ్మాయి ముఖం మారింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "లోపల అమ్మకాలు చెయ్యకూడదు తాతా. కావాలంటే బయట చౌకులో అమ్ముకోండి."

అతను దాన్ని మళ్ళీ రుమాలులో చుట్టాడు. వెనక బెంచీలో మోకరిల్లాడు. ప్రార్థనకని చెప్పి వచ్చాడు కనుక మరియమాతకు ఒక్క మంగళవార్త జపమైనా చెప్పాలనుకున్నాడు. మొదలుపెట్టాడు. "నీవు ఆశీర్వదింపబడినదానవు" దగ్గర ఆగిపోయాడు. ఆ తల్లికి అతని మీద ఏ కోపమూ లేదు. అతనికే అప్పుడు ఆమెమీద, ఆమె ఇంటిమీద, ఆమెను చెక్కినవాడి మీద, తన ముందున్న వీపులన్నిటి మీద మంట రేగింది. లేచి బయటికి వచ్చాడు. గోపురం మీద బూర పన్నెండు గంటల పాట ఊదుతోంది. చౌకులో జనం తలలు పైకెత్తి చేతులు ఊపుతున్నారు.

ట్రామ్‌కు డబ్బు లేదు. ఊరి అంచు దాకా నడిచాడు. రెండింటికి పది నిమిషాలు ఉందనగా టైర్ల షాపు కనపడింది.

బస్సులో గేన్యా కాగితపు రుమాలులో ఒక వేపుడు మాంసం ముక్క, రెండు బంగాళాదుంపలు చుట్టి ఉంచింది. తన వంతులోవే. అతను తింటుంటే పై అరలో లావుగా చుట్టి ఉన్న మూట కనపడింది. అడగలేదు. ఆమే చెప్పింది.

"ఇద్దరి పేరునా సంతకం పెట్టాను. వాయిదాల మీద ఇస్తామన్నారు." మోకాలు రుద్దుకుంది. "నరం మర్చిపోదన్నాడు కదా. ఆ మాట నీకు తగిలింది. నేను చూశాను."

పుణ్యక్షేత్రంలో అరగంట ఆగారు. అందరూ మోకరిల్లారు. బస్సు మళ్ళీ కొండల దారి పట్టాక హొనొరాతా ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది. ఆమె కూడా మూట కొంది. ఇంకా పన్నెండు మంది కొన్నారు. ఇప్పుడు ఎవరికీ నవ్వు రావడం లేదు.

"ఏం లుద్విక్, చూశావా మరి?"

బస్సు బస్సంతా వినడానికి సిద్ధమైంది. వెళ్ళి చూశానంటే వీళ్ళు ఓడినట్టు. చూడలేదంటే అతను ఓడినట్టు. గేన్యా అతని వైపు తిరగకుండా కిటికీలోంచి చూస్తోంది, కాని ఆమె చెవి అతని మాట మీదే ఉంది.

"చూశాను" అన్నాడు.

ఎలా ఉందంటే చెప్పాడు. సిస్టరు కర్ర ఎత్తడం చెప్పాడు. అది నిజం. ఆ తర్వాతదంతా పుస్తకం నుంచి చెప్పాడు. తల్లి మోకాళ్ళు ఎలా ఒరిగాయో, బట్ట మడతలు ఎలా నేలమీద విరిగాయో, ఏ గడ్డం ఎన్ని పాయలో చెప్పాడు. మాట్లాడితే పది మాటలు మించని మనిషి అరగంట మాట్లాడాడు. ఎవరూ కదల్లేదు. వెనక సీట్లో ఎవరో ముక్కు చీదుకున్నారు. ఎంత దగ్గరగా చూశావురా నాయనా, అంది ఒక ముసలావిడ. తాను ఇరవై ఆరేళ్ళుగా ఏ రోజైనా ఈ మాటలే చెప్పగలిగి ఉండేవాడినని, ఎవరూ అడగలేదు గనుకే చెప్పలేదని అతనికి అప్పుడు తోచింది. క్రాకూవ్ వెళ్ళి వచ్చానంటేనే వాళ్ళు విన్నారు.

"అయితే ఇక ఆ బొటనవేళ్ళు పూర్తిచేస్తావన్నమాట" అంది గేన్యా. ఆ గొంతులో సంతోషం చూసి అతను కిటికీ వైపు తిరిగాడు.

ఆ రాత్రి నుంచే పరుపు మీద పడుకున్నారు. పొద్దున్నే ఆమె మొదట అడిగేది ఒకటే, వెచ్చగా అనిపించిందా అని. అనిపించిందంటాడు. రెండోది, ఇవాళ చెక్కుతావా అని. ఇవాళ వెలుతురు లేదంటాడు.

సకల పునీతుల పండుగ దగ్గరపడింది. సమాధుల మీద దీపాలు పెట్టబోయే ముందు ఊరంతా పాపసంకీర్తనం చేస్తారు, ఫాదరుకు తమ తప్పులు చెప్పుకుంటారు. లుద్విక్ కూడా వరసలో నిలబడి, తన వంతు వచ్చాక, ఫాదరుకూ చెప్పుకునేవాడికీ మధ్య అడ్డుండే చెక్క జల్లెడ ముందు మోకరిల్లాడు. కొత్తగా వచ్చిన చిన్న ఫాదరు, గొంతును బట్టి ఎవరో పోల్చుకునేవాడు. లుద్విక్ బస్సులో చెప్పినదాన్ని లెక్కలోకి తీసుకోలేదు, పొద్దున్నే గేన్యాకు చెప్పేదాన్నీ తీసుకోలేదు. వాటివల్ల మనుషులకు మేలే జరిగింది. ఒక్కటే చెప్పాడు. చర్చి గుమ్మంలో, ప్రార్థనకని అబద్ధమాడి లోపలికి వెళ్ళాను. లోపల ప్రార్థన చెయ్యలేదు.

జల్లెడ అవతల చిన్నగా నవ్వు వినపడింది. "మరియమాత చర్చా? అది కూడా పాపమేనా లుద్విక్ గారూ. చదువుకునే రోజుల్లో మేమంతా అలాగే వెళ్ళేవాళ్ళం. ఇప్పుడైతే ఈ అంగీ చూసి ఎవరూ అడగరు, పీఠం ముందుదాకా పోనిస్తారు. పోయిన నెల కూడా వెళ్ళి నిలబడ్డాను, అరమీటరు దూరంలో. ఆ చేతులున్నాయే, అబ్బ, ఆ నరాలు..."

లుద్విక్ కుడిచెయ్యి జల్లెడ చట్రాన్ని పట్టుకుంది. అది తానే చేసిన చట్రం.

"పెనవేసుకున్న చేతులా ఫాదర్?"

"అవే."

"బొటనవేళ్ళు ఎలా ఉన్నాయి? ఏది పైన?"

ఫాదరు నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు. వరసలో వెనక ఎవరో దగ్గారు.

"బొటనవేళ్ళా? గమనించలేదండీ" అన్నాడు. ఆ తర్వాత ప్రాయశ్చిత్తంగా పది మంగళవార్త జపాలు చెప్పమన్నాడు.

లుద్విక్ బెంచీలో కూర్చుని పదీ చెప్పాడు. ఒక్కటి కూడా తగ్గించలేదు. ఇంటికి వెళ్ళి, అల్మారా మీద నుంచి ఆ లీపా ముక్కను తీసి, పొట్టి కాలున్న కుర్చీ కింద పెట్టాడు. సరిగ్గా సరిపోయింది. ఆ కుర్చీ ఇప్పుడు ఊగదు.